మొక్కజొన్న రొట్టె – ఆకుకూర కట్టు : అమెరికా దక్షిణ సీమలో ఒక ఇంటి భోజనం

అమెరికా భోజనమనగానే మనకు స్ఫురించేవి బర్గరు, వేయించిన బంగాళాదుంప ముక్కలు, సీసాలో తియ్యని చల్లని పానీయం. 2019 వేసవిలో జార్జియా రాష్ట్రంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళేవరకు నా అభిప్రాయమూ అదే. నలభై ఏళ్ళుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నవాడిని కనుక శొంఠిపొడి, త్రిఫల చూర్ణం సంచిలో పెట్టుకొని మరీ బయలుదేరాను.

మా అమ్మాయి ఇంటి పక్కన ఎనభై ఏళ్ళ నల్లజాతి వృద్ధురాలు ఒంటరిగా నివసిస్తున్నారు. చాలాకాలం ఒక పాఠశాల వంటశాలలో పనిచేసి విరమించినవారు. నేను వైద్యుడినని, మాంసం ముట్టనని తెలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. ఆ సీమలో ఆకుకూరను, గింజలను పొగబెట్టిన పందిమాంసపు ముక్కతో కలిపి ఉడికించడం పరిపాటి. నాకోసం ఆవిడ దానిని మాని ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, నూనెలతో వండారు.

పళ్ళెంలోకి చూసి ఆశ్చర్యపోయాను. అవి మన అలసందలు! పక్కన టమాటాతో ఉడికించిన బెండకాయ. ఈ రెండూ ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారితోపాటు ఆ నేలకు చేరినవే. కొత్త సంవత్సరం మొదటిరోజున అలసందలు కలిపి వండిన అన్నం తింటే శుభమని అక్కడివారి నమ్మకం. ఆపైన కొలార్డ్ అనే ముదురాకు కూర. ఇది క్యాబేజీ జాతిది, కానీ గడ్డ కట్టదు. మజ్జిగతో కలిపి ఇనుప పెనంలో కాల్చిన మొక్కజొన్న రొట్టె చివరిగా వచ్చింది.

ఆకుకూర ఉడికిన నీటిని ఆవిడ పారబోయలేదు. చిన్న గిన్నెలో పోసి, రొట్టె తుంచి అందులో ముంచి తినమన్నారు. దానిని వారు ‘పాట్ లిక్కర్’ అంటారు. పేరు విని మద్యమని భ్రమపడవద్దు. అది అచ్చంగా మన కట్టు వంటిదే. బానిసత్వపు రోజులలో ఆకు యజమాని బల్లమీదికి పోగా, ఆ నీరు వండినవారికి మిగిలేదట. నీటిలో కరిగే జీవపదార్థాలు, లవణాలు చాలావరకు దిగేది ఆ నీటిలోకే కదా!

తింటూ తింటూ, మొక్కజొన్న రూక్షగుణం కలదని, దానినే నిత్యం తినడం మంచిది కాదని నా పాండిత్యం కొంత ప్రదర్శించాను. ఆవిడ నెమ్మదిగా అన్నారు: “ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు డాక్టర్. మా నాయనమ్మ చెల్లెలు పెల్లాగ్రాతోనే పోయింది.”

ఆ మాట నన్ను 1978కి లాక్కుపోయింది. అప్పుడు నేను పాలమూరు జిల్లాలోని ఒక పల్లెలో కొత్తగా వైద్యం ప్రారంభించాను. ఒక కూలీ తల్లి వచ్చింది. మెడచుట్టూ హారం వేసినట్లు చర్మం నల్లబడి పొలుసులు లేచింది, ముంజేతులపైనా అంతే. కుష్ఠరోగమేమోనని ఊరివారు దూరం పెట్టారు. అది చర్మవ్యాధి అనుకొని పైపూతకు తైలం ఇచ్చి పంపాను. విరేచనాలవుతున్నాయని ఆమె చెప్పినా రెంటికీ సంబంధం తోచలేదు. ఏమి తింటున్నావమ్మా అని ఒక్కమాట అడగలేదు. అడిగి ఉంటే జొన్న సంకటి, పచ్చిమిరపకాయ అని చెప్పేది. మూడు నెలలకు ఆమెకు మతి తప్పిందని విన్నాను. తరువాత ఆ కుటుంబం వలసపోయింది. ఏమైందో తెలియదు.

పెల్లాగ్రాను 1735లోనే స్పెయిన్ వైద్యుడు గాస్పార్ కసాల్ వర్ణించాడు. ఆ మెడపట్టీని నేటికీ ఆయన పేరిట ‘కసాల్ హారం’ అంటారు. చర్మం చెడడం, విరేచనాలు, మతి చలించడం, చివరకు మరణం – ఇదీ దాని క్రమం. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఇరవయ్యవ శతాబ్దం తొలి నాలుగు దశాబ్దాలలో ముప్ఫై లక్షలమంది దీని వాతబడ్డారని, లక్షమంది మరణించారని అంచనా.

నేను తిన్న భోజనమే వారూ తిని ఉంటే ఆ రోగం వచ్చేది కాదు. కౌలుదారులు గుమ్మందాకా పత్తి వేయవలసి రావడంతో కూరపాదుకు చోటులేకపోయింది. అప్పుమీద దుకాణంనుండి తెచ్చుకొన్న మొక్కజొన్న పిండి, పందికొవ్వు, బెల్లపు పాకం మాత్రమే మిగిలాయి. రొట్టె ఉన్నది, పక్కనుండవలసిన గింజలు, ఆకు, పాలు పోయాయి.

ఇది అంటువ్యాధి అని పెద్ద వైద్యులు వాదిస్తున్న కాలంలో, 1914లో ప్రభుత్వం డాక్టర్ జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌ను పంపింది. మానసిక చికిత్సాలయాలలో రోగులకు వచ్చే పెల్లాగ్రా, వారితోనే మెలిగే పరిచారకులకు రాకపోవడం ఆయన గమనించారు. అంటువ్యాధికి ఇటువంటి పక్షపాతం ఉంటుందా? అనాథాశ్రమాలలో పాలు, గుడ్లు, మాంసం, గింజలు పెట్టించగా రోగం మాయమైంది. 1915లో మిసిసిపీలోని ఒక జైలు క్షేత్రంలో, విడుదల హామీతో ముందుకొచ్చిన పదకొండుమంది ఖైదీలకు ప్రధానంగా మొక్కజొన్న, తెల్ల పిండి, బియ్యం, పాకం పెట్టారు. అయిదారు నెలలలో ఆరుగురికి పెల్లాగ్రా వచ్చింది. ఈ ప్రయోగపు ధర్మాధర్మాలు నేటికీ నా మనస్సును బాధిస్తాయి. కానీ ఫలితం కాదనలేనిది. గోల్డ్‌బెర్గర్ 1929లో మరణించారు. లోపించిన పదార్థం నియాసిన్ అనే బి విటమిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెజెమ్ పరిశోధనతో తేలింది.

మరి ఆ నేలమీద శతాబ్దాలుగా మొక్కజొన్న తిన్న ఆదివాసులకు ఈ రోగం ఎందుకు రాలేదు? వారు గింజలను కట్టెబూడిద నీటిలోనో, సున్నపు నీటిలోనో ఉడికించి, కడిగి వాడేవారు. మొక్కజొన్నలో నియాసిన్ ఉన్నా బంధింపబడి ఉంటుంది. క్షారం దానిని విడిపిస్తుంది. గింజలు, గుమ్మడి వారి భోజనంలో తోడుండేవి. తరువాత వచ్చినవారు పంటనైతే తీసుకొన్నారు గాని, బూడిద నీటిని చాలావరకు విడిచిపెట్టారు.

మొక్కజొన్న మన ప్రాచీన సంహితలలో లేదు. అయినా చరకుడు విమానస్థానంలో ఆహారానికి చెప్పిన ఎనిమిది విషయాలలో కరణం, సంయోగం అనే రెండూ ఇక్కడ అక్షరాలా వర్తిస్తాయి. కరణమంటే సంస్కారం – బూడిద నీటిలో ఉడికించడం అదే. సంయోగమంటే కలయిక. అలసందలలోని ట్రిప్టోఫాన్‌నుండి శరీరం నియాసిన్‌ను తయారుచేసుకొంటుంది. సుమారు 60 మిల్లీగ్రాములకు ఒక మిల్లీగ్రాము చొప్పున.

మన జొన్న సంగతి కొంత వేరు. హైదరాబాదులో డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉండడం కారణమని 1960లో ప్రతిపాదించారు. దానిపై తరువాత వాదోపవాదాలు జరిగాయి. పప్పు, పాలు, ఆకు తోడున్న ఇంటిలో జొన్నరొట్టె నిక్షేపంగా తినవచ్చుననడంలో వివాదం లేదు.

ఆ వృద్ధురాలి వంట మన ఇళ్ళలోనూ సాధ్యమే. గిన్నెడు అలసందలు రాత్రి నానబెట్టి, ఉల్లి, వెల్లుల్లి, మిరియాలతో మెత్తగా ఉడికించండి. కొలార్డ్ బదులు ముల్లంగి ఆకులు, క్యాబేజీ పైనుండే ముదురాకులు వాడవచ్చు. శుభ్రంగా కడిగి, మునిగేటంత నీటిలో సన్నని సెగపై ముప్పావుగంట ఉంచి, దించేముందు ఉప్పు వేయండి. వారు మిరపకాయలు ఊరిన వినిగర్ చల్లుకొంటారు. నాకు నిమ్మరసమే నచ్చింది. రొట్టెకు రెండుపాళ్ళు మొక్కజొన్న పిండి, ఒకపాలు గోధుమపిండి, చిటికెడు వంటసోడా, ఉప్పు, పుల్లమజ్జిగ కలిపి, నూనె కాగిన ఇనుప మూకుడులో దిబ్బరొట్టె వలె మూతపెట్టి కాల్చండి. సున్నపు నీటి ప్రయోగం ఇంట్లో చేయవద్దు. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, మూత్రపిండ వ్యాధిగ్రస్తులు ఆకుకూరల మోతాదు గురించి తమ వైద్యునితో మాట్లాడాలి.

మా ఇంట్లో మిగిలిన కట్టును మా ఆవిడ మరునాడు చారులో పోస్తుంది. ఆ మాట ఫోనులో చెప్పిద్దామంటే, చారు అంటే ఏమిటో ఆ పెద్దావిడకు వివరించడానికి మా అమ్మాయికి చాలాసేపు పట్టింది.