మేస్త్రీల సంఘంలో అనీబిసెంట్

మొన్న హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి పక్కనుంచి ఆటోలో వెళ్తుంటే మా అమ్మాయి అడిగింది, "అమ్మా, అందులో ఏం చేస్తారు?" అని. అది ఫ్రీమేసన్ల లాడ్జి. లాడ్జి అంటే బస చేసేది కాదండోయ్! మేసన్ అంటే తాపీమేస్త్రీ. పూర్వకాలపు రాతిపనివాళ్ళ పనిముట్లను గుర్తులుగా పెట్టుకున్న సోదరసంఘం అది. మూలమట్టం, కంపాసు వాళ్ళ చిహ్నం. సమావేశాల్లో నడుముకి ఏప్రాన్ కట్టుకుంటారు. (మనం వంటింట్లో కట్టుకునేదానికి ఆ మర్యాద లేదనుకోండి!)

"ఆడవాళ్ళూ ఉంటారా?" అంది. ఉండరని చెప్పబోయి ఆగాను. అనీబిసెంట్ గుర్తొచ్చారు.

ఫ్రాన్సులో మరియా దెరేమ్ అనే రచయిత్రిని 1882లో ఒక లాడ్జి చేర్చుకుంటే పెద్ద గొడవైంది. చివరికి 1893లో ఆమె, జార్జ్ మార్టిన్ అనే ఆయన కలిసి స్త్రీ పురుషులిద్దరికీ చోటున్న శాఖను వేరే పెట్టారు. అనీబిసెంట్ 1902లో చేరింది అందులోనే. పాత లాడ్జీల్లో చాలా మటుకు ఇప్పటికీ ఆడవాళ్ళను చేర్చుకోవు.

అయితే ఆవిడ ధైర్యం ఆ సంఘం ఇచ్చిందని నేననుకోను. అంతకు ముందే ఉంది. మతగురువైన భర్తతో పొసగక 1873లో విడిపోయారు. సంతాన నియంత్రణ మీద ఓ చిన్న పుస్తకం అచ్చువేసినందుకు 1877లో చార్లెస్ బ్రాడ్లాతో పాటు బోనెక్కారు. ఆర్నెల్ల జైలుశిక్షను పైకోర్టు కొట్టేసింది. అసలు శిక్ష 1878లో పడింది. ఇలాంటి తల్లి దగ్గర ఆడపిల్ల పెరగకూడదంటూ కూతురు మేబెల్‌ని తండ్రికి అప్పగించింది కోర్టు. పిల్లకి ఏడేళ్ళు!

నేనైతే మళ్ళీ గడప దాటేదాన్ని కాదు. ఆవిడ 1888లో లండన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల దగ్గరికి వెళ్ళారు. చాలీచాలని కూలి, అందులోంచి మాటిమాటికీ జరిమానాలు, భాస్వరంతో దవడ ఎముక కుళ్ళిపోయే జబ్బు... ఇవన్నీ పత్రికలో రాసేసరికి, అదంతా అబద్ధమని సంతకాలు పెట్టమంది యాజమాన్యం. పిల్లలు పెట్టలేదు. దాదాపు 1,400 మంది పని మానేశారు. ఆ జులై నెల తిరక్కుండానే జరిమానాలు రద్దయ్యాయి. భాస్వరం మాత్రం ఇంకా చాలా ఏళ్ళు వదల్లేదు.

1893లో మన దేశం రావడం, కాశీలో కాలేజీ, హోంరూల్, 1917లో ఊటీలో నిర్బంధం, ఆ ఏడే కాంగ్రెస్‌కి తొలి మహిళా అధ్యక్షురాలు కావడం మనం బళ్ళో చదువుకున్నవే. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టింది కూడా ఆవిడే. మా పిన్ని అక్కడే బి.ఎ. చదివింది. ఫోన్‌లో మేబెల్ సంగతి చెప్తే, "మూడేళ్ళు చదివానే, ఈ మాట ఎవ్వరూ చెప్పలేదే!" అంది. కాసేపాగి, "మరి పిల్ల మళ్ళీ తల్లి దగ్గరికొచ్చిందా?" అని అడిగింది.

వచ్చింది. పెద్దదయ్యాక, తనంతట తనే.