మేస్త్రీ గొప్పా? పనివాడు గొప్పా?



"పెద్దయ్యాక ఏమవుతావు?" అని అడిగితే మనలో చాలామంది "కంప్యూటర్ ఇంజనీర్" అంటాము. మరి ఇంజనీర్ అయ్యాక పైమెట్టు ఏమిటి? ఈ సంగతి లెక్కల టీచరు గారిని అడిగి తెలుసుకొని రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మన అనకాపల్లి బెల్లానికి పేరుపొందినది. చెరకు సీజనులో మా అయ్య గానుగ దగ్గరకి పనికి వెళ్తాడు. పెనంలో రసం మరుగుతుంటే పాకం ఎప్పుడు దించాలో ఆయనకి చూడగానే తెలిసిపోతుంది. ఆలస్యమైతే బెల్లం మాడిపోతుంది. ముందే దించితే గట్టిపడదు. కాని కూలి మేస్త్రీకే ఎక్కువ. అమ్మ "నువ్వూ మేస్త్రీవైపో" అంటే, అయ్య "నేను మనుషుల్ని లెక్కపెడుతూ కూర్చుంటే పాకం ఎవరు చూస్తారే?" అన్నాడు.

కంపెనీల్లో కూడా ఇదే సమస్య. మేనేజరు అంటే మేస్త్రీ లాంటివారు. ఎవరు ఏ పని చెయ్యాలి, ఎప్పటికి అవ్వాలి, ఎవరికి ఇబ్బంది ఉంది అని చూస్తారు. అది కూడా కష్టమైన పనే. ఇంజనీరు ప్రోగ్రాం రాసి, తప్పులు సరిచేస్తారు. మేనేజరు అయితేనే జీతం పెరుగుతుందంటే అందరూ అటే పోతారు. అప్పుడు మంచి ఇంజనీరు పోతారు, ఇష్టం లేని మేనేజరు వస్తారు. రెండు నష్టాలు!

అందుకే కొన్ని పెద్ద కంపెనీలు రెండు నిచ్చెనలు వేసేయి. అమెరికాలో ఐబీఎం కంపెనీ 1960లలోనే గొప్ప ఇంజనీర్లకి "ఫెలో" అనే పదవి పెట్టింది. వాళ్ళు మేనేజరు అవ్వకుండానే పైకి వెళ్ళొచ్చు. కాని అన్ని కంపెనీల్లో ఈ రెండో నిచ్చెన ఉండదు. చేరేముందు అడిగి తెలుసుకోవాలి.

మన తెలుగువారు రెండు దారుల్లోనూ ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల గారు ఇంజనీరింగు చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014లో ఆ కంపెనీకే అధిపతి అయ్యేరు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు మనిషి మాటని కంప్యూటరుకి అర్థమయ్యేలా చెయ్యడానికి పరిశోధన చేసేరు. 1994లో ట్యూరింగ్ అవార్డు పొందేరు. ఆయన సంస్థలు కూడా నడిపేరు గాని, ఆ బహుమతి వచ్చింది విద్యకే.

కాబట్టి ఏది గొప్ప అని కాదు, మనకి ఏది చేతనవును, ఏది ఇష్టం అని చూసుకోవాలి.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి అమ్మకి ఇదే చెప్తాను. అయ్య మేస్త్రీ అవ్వక్కర్లేదు. పాకం చూసినందుకు కూలి పెంచమని అడిగితే చాలు.

— 9వ తరగతి విద్యార్థిని