అరాదు కోటలో పడుకోబెట్టిన ధూపవేదికలు

ఇజ్రాయెల్‌లో బేర్షెబా నుంచి మృతసముద్రం వైపు సాగే 31వ నంబరు రోడ్డు మీద, అరాదు పట్టణం ఇంకో పది కిలోమీటర్లు ఉందనగా ఎడమవైపు ఒక దిబ్బ కనిపిస్తుంది. దాని మీద నలుచదరపు కోట, ఒక్కో పక్క సుమారు 50 మీటర్లు. దిబ్బ దిగువన కోటకంటే దాదాపు రెండు వేల ఏళ్లు పాతదైన కనానీయుల పట్టణం, 1200 మీటర్ల పొడవైన ప్రాకారంతో సహా బయటపడి ఉంది. ఆ పట్టణం గురించి చెప్పుకోవాలంటే మరో ఆదివారం కావాలి. ఈసారికి పైకే ఎక్కుదాం.

యూదా రాజ్యానికి ఇది దక్షిణపు కాపలా చౌకీ. పొరుగున ఉన్న ఎదోమీయుల మీద ఓ కన్నేసి ఉంచడం, ఎడారి దారిలో వచ్చీపోయే వాళ్లను చూసుకోవడం ఇక్కడి సైనికుల పని. 1962లో పురావస్తు శాస్త్రవేత్త యోహానాన్ అహరోని ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు గోడలు, ధాన్యపు కొట్లు, నీటి తొట్లు దొరుకుతాయనే అనుకుని ఉంటారు. అవన్నీ దొరికాయి. మరుసటి ఏడాది కోట వాయవ్య మూలలో మాత్రం ఒక గుడి దొరికింది.

తూర్పు నుంచి లోపలికి వస్తే ముందు ఆవరణ. అందులో బలిపీఠం, చెక్కని రాళ్లు, మట్టి కలిపి కట్టింది. బలిపీఠపు రాళ్లకు ఉలి తగలకూడదని నిర్గమకాండము చెప్పిన నియమం ఈ మారుమూల చౌకీలోనూ అమలైంది. ఆవరణ దాటితే అడ్డంగా పొడవైన గది. దాని వెనక, మన గుళ్లలో గర్భగుడిలా, మెట్లెక్కి చేరుకునే చిన్న అర. మెట్ల దగ్గర రెండు సున్నపురాతి ధూపవేదికలు, ఒకటి దాదాపు అర మీటరు ఎత్తు, రెండోది 40 సెంటీమీటర్లు. అర లోపల పైభాగం గుండ్రంగా నునుపు చేసిన నిలువురాయి, దాని మీద ఎర్రరంగు ఛాయలు. ఇంతే. ముఖం లేదు, చేతుల్లేవు, బొమ్మ అనదగ్గది ఏదీ లేదు.

ఇశ్రాయేలీయుల విగ్రహారాధన అనగానే బైబిలు చదివినవాళ్లకు బంగారు దూడ గుర్తొస్తుంది. సీనాయి కొండ కింద అహరోను పోతపోసింది ఒకటి, తర్వాత యరొబాము రాజు బేతేలులో ఒకటి, దానులో ఒకటి నిలబెట్టినవి. తవ్వకాల్లోనూ ఇలాంటివి లేకపోలేదు. సమరియ కొండల్లో జానెడు కంచు ఎద్దు దొరికింది. యెరూషలేము ఇళ్లలోనే, రొమ్ముల కింద చేతులు పెట్టుకున్న మట్టి స్త్రీ బొమ్మలు కుప్పలుగా బయటపడ్డాయి. సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రూద్‌లో ఒక పెద్ద కాగు మీద సమరియ యెహోవాను, ఆయన ‘అషేరా’ను కలిపి తలచిన రాత ఉంది. అషేరా అంటే దేవేరా, లేక ఆమె గుర్తుగా పాతిన మానా అన్న వాదన పండితుల మధ్య నేటికీ నడుస్తోంది.

అరాదు గుడి ఈ వరుసలో ఇమడదు. ఇక్కడ పరాయి దేవుడు లేడు. కోటలో దొరికిన, సిరాతో రాసిన పెంకుల మీద పేర్లు చూడండి: మెరేమోతు, పషూరు, రెండూ బైబిలులో యాజక కుటుంబాలకు ఉన్న పేర్లే. కొలిచింది యెహోవానే, అదీ బొమ్మ లేకుండా. అయినా ఈ గుడి మూతపడింది.

తప్పు ఎక్కడుందో ద్వితీయోపదేశకాండము చెబుతుంది. 12వ అధ్యాయం ప్రకారం బలులు ఒక్కచోటే జరగాలి. 16వ అధ్యాయం ప్రకారం స్తంభం, అంటే ఇలాంటి నిలువురాయి, నిలబెట్టడమే నిషిద్ధం. అదే బైబిలులో యాకోబు బేతేలులో రాయి నిలబెట్టి నూనె పోస్తే ఎవరూ తప్పు పట్టలేదు. పితరుల నాడు భక్తి అనిపించుకున్నది, రాజుల నాటికి అపచారమైంది. ఇశ్రాయేలు మతం ఎలా మారుతూ వచ్చిందో ఈ నిలువురాయి దగ్గర నిలబడితే అర్థమైనంతగా పుస్తకాల్లో అర్థం కాదు.

క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం చివర్లో యూదా రాజు హిజ్కియా ‘ఉన్నత స్థలాలు’ అనే ఊరూరి ఆరాధనా స్థలాలను కొట్టేశాడనీ, స్తంభాలను పగలగొట్టాడనీ రెండవ రాజుల గ్రంథం 18వ అధ్యాయం చెబుతుంది. మోషే స్వయంగా చేసిన ఇత్తడి సర్పాన్ని కూడా, జనం దానికి ధూపం వేస్తున్నారని, ముక్కలు చేయించాడు. చిత్రమేమిటంటే, ఆ సర్పం కథ వచ్చే సంఖ్యాకాండము 21వ అధ్యాయం అరాదు రాజు దాడితోనే మొదలవుతుంది. 701లో అష్షూరు దండెత్తి వచ్చినప్పుడు యెరూషలేము ప్రాకారం ముందు నిలబడ్డ ఆ రాజు దూత ఎత్తిపొడుపు కూడా ఇదే: మీరు నమ్ముకున్న యెహోవా బలిపీఠాలనే కదా మీ రాజు పడగొట్టించింది! బయటివాడికి సంస్కరణ దైవద్రోహంలా కనిపించింది. లోపలివాళ్లలోనూ అలా అనుకున్నవాళ్లు తక్కువేం కాకపోవచ్చు.

అరాదులో మాత్రం ఏదీ పగలలేదు. ధూపవేదికలను పక్కకు పడుకోబెట్టారు, నిలువురాయినీ అలాగే ఒరిగించారు, పైన మట్టి కప్పారు. హిజ్కియా ఆజ్ఞ ప్రకారం మూసేశారని కొందరు, అష్షూరు సైన్యం చేతికి చిక్కకుండా దాచారని మరికొందరు. ఏదైనా, ఆ పని చేసిన చేతుల్లో కసి లేదనే నాకనిపిస్తుంది. బేర్షెబాలో కొమ్ముల బలిపీఠం రాళ్లను విడదీసి గోడలో వాడేసుకున్నారు మరి.

మట్టి కప్పడం వల్ల మరో మేలు జరిగింది. వేదికల పైన నల్లగా పేరుకున్న మడ్డి చెక్కుచెదరలేదు. 1960ల్లో చేసిన పరీక్షల్లో అదేమిటో తేలలేదు. 2020లో మళ్లీ పరీక్షిస్తే పెద్దదాని మీద పశువుల కొవ్వుతో కలిపిన సాంబ్రాణి ఆనవాళ్లు తేలాయి. జ్ఞానులు బాలయేసుకు కానుకగా తెచ్చిన సాంబ్రాణి ఇదే, దక్షిణ అరేబియా నుంచి రావాల్సిన ఖరీదైన సరుకు. చిన్నదాని మీద తేలింది గంజాయి! పేడతో కలిపి సన్నని సెగ మీద కాల్చారు, మత్తు పొగ రావాలంటే మంట ఎక్కువ కాకూడదు కాబట్టి. యూదా ఆరాధనలో గంజాయి వాడినట్టు దొరికిన మొదటి రుజువు ఇదే.

మన దగ్గర్నుంచి వెళ్లే హోలీల్యాండ్ యాత్రల పట్టికలో అరాదు సాధారణంగా ఉండదు. మృతసముద్రానికి వెళ్లే రోజు బేర్షెబా దారి పట్టగలిగితే మధ్యలో ఆగవచ్చు. 31వ రోడ్డు మీద నుంచి ఉత్తరానికి 80వ రోడ్డులోకి తిరిగి వెళ్తే జాతీయ పార్కు ద్వారం వస్తుంది. ప్రవేశానికి టికెట్టు ఉంది. నీడ తక్కువ కాబట్టి ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లాలి, నీళ్లు వెంట ఉండాలి. అక్కడి గుడిలో నిలబెట్టినవి నకళ్లు. అసలు వేదికలు యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉన్నాయి. చిన్నదాని పైభాగాన నల్లని గుండ్రటి మరక కనిపిస్తుంది.