తెలియని రాజ్యకాలములు - మధ్యగత నిర్ణయము

వేఁగి చాళుక్యుల తామ్రశాసనములు దేశచరిత్రమునకుఁ బెన్నిధులు. మూలపురుషుఁడగు కుబ్జవిష్ణువర్ధనుఁడు మొదలుకొని యెవ్వ రెంతకాలము రాజ్యము చేసిరో వరుసగాఁ జెప్పుట పదవ శతాబ్దినాఁటి యా వంశపు శాసనములలోఁ దఱచుగాఁ గానవచ్చును. నన్నయభట్టారకునిచే భారతము నాంధ్రీకరింపించిన రాజరాజనరేంద్రుఁ డీ వంశమువాఁడే కావున నీ లెక్కలు వాఙ్మయచరిత్రకారులకును గావలసినవే.

అయినను శాసనము లన్నియు నేకవాక్యముగా లేవు. జయసింహవల్లభుఁడు 33 ఏండ్లు పాలించెనని కొన్నియు, 30 ఏండ్లని కొన్నియుఁ జెప్పుచున్నవి. మొదటి విజయాదిత్యునికి 18 అనియు 19 అనియు రెండు పాఠములు గలవు. నరేంద్రమృగరాజ బిరుదాంకితుఁడగు రెండవ విజయాదిత్యునికి 48, 44, 40 అని మూఁడు విధములు. ఇట్లు కొన్ని యంకములు సందిగ్ధములైనపుడు, లేక రేకు విఱిగి బొత్తిగాఁ దెలియనపుడు, ఆ వంశపు రాజ్యకాలముల సామాన్యప్రమాణమును గూర్చి మన మేమి నిశ్చయముగాఁ జెప్పఁగలము? ఈ ప్రశ్నకు గణితమునఁ జక్కని సమాధానము గలదు.

అంకముల నన్నిటిని గూడి వాని సంఖ్యచే భాగింపఁగా వచ్చునది సగటు. వానినే చిన్నదానినుండి పెద్దదానివఱకు వరుసగా నుంచినపుడు సరిగా నడుమ నుండునది మధ్యగతము. అంకముల సంఖ్య బేసియైనచో, దానికి నొకటి చేర్చి సగము చేయఁగా వచ్చునదే మధ్యస్థానము. సరియైనచో నడిమి రెండింటిని గూడి సగము చేయవలెను.

కుబ్జవిష్ణువర్ధనుఁడు మొదలు గుణగ విజయాదిత్యునివఱకుఁ గల పదుమువ్వురను గైకొందము. కుబ్జవిష్ణువర్ధనునకు 18 ఏండ్లు, జయసింహునకు 33, ఇంద్రభట్టారకునకు 7 దినములు, రెండవ విష్ణువర్ధనునకు 9 ఏండ్లు, మంగియువరాజునకు 25, రెండవ జయసింహునకు 13, కొక్కిలికి 6 మాసములు, మూఁడవ విష్ణువర్ధనునకు 37 ఏండ్లు, మొదటి విజయాదిత్యునకు 18, నాల్గవ విష్ణువర్ధనునకు 36, రెండవ విజయాదిత్యునకు 48, కలివిష్ణువర్ధనునకు ఏఁడాదిన్నర, గుణగ విజయాదిత్యునకు 44. వరుసపఱుపఁగా నిట్లగును: 7 దినములు, 6 మాసములు, ఏఁడాదిన్నర, 9, 13, 18, 18, 25, 33, 36, 37, 44, 48. ఏడవస్థానమున నున్నది 18. అదియే మధ్యగతము.

ఇపుడు పాఠభేదములఁ బరీక్షింపుఁడు. 33నకు మాఱుగా 30 ఉంచినను, 48నకు మాఱుగా 44 గాని 40 గాని యుంచినను, ఆ యంకములు మధ్యస్థానమునకుఁ బైననే యుండును గావున మధ్యగతము చలింపదు. మొదటి విజయాదిత్యునకు 19 అను పాఠమును గైకొన్నప్పుడు మాత్ర మది 19 అగును. సగటు మాటయో వేఱు. పై లెక్కచొప్పున నది 22 ఏండ్లకుఁ గొంచెము తక్కువ. 30, 40 అను పాఠములను గైకొన్నచో 21 ఏండ్లకును దిగును. ఏ యొక్క యంకము మాఱినను సగటు మాఱకతప్పదు. మఱియు నొక్క రాజు కాలము తెలియకున్నచో, ఆ కాలమున కేదేని యవధి నూహించిననే తప్ప సగటునకు నవధి చెప్ప వలనుపడదు.

మధ్యగతమున కట్లు గాదు. తెలిసిన యంకములను మాత్రము వరుసగా వ్రాయుఁడు. తెలియనివన్నియు మిక్కిలి పెద్దవైనచో నవి తుదిని జేరును. అపుడు తెలిసినవానిలో మధ్యస్థానమున నున్నదే మధ్యగతము. ఇది పైమేర. తెలియనివన్నియు మిక్కిలి చిన్నవైనచో నవి మొదటఁ జేరి తెలిసినవానిని ముందునకుఁ ద్రోయును. అపుడు మధ్యస్థానసంఖ్యనుండి తెలియనివాని సంఖ్యను దీసివేయఁగా మిగిలిన స్థానమున నున్నది మధ్యగతము. ఇది క్రిందిమేర. నిజమైన మధ్యగత మీ రెండుమేరలను దాఁటదు. ఈ మేరల నడుమ నే విలువయైనను సంభవమే; ఏలయన, తెలియని యంకములలో నొకదాని కా విలువ నిచ్చి, తక్కినవానిని గ్రిందికిఁ గొన్నిటిని బైకిఁ గొన్నిటిని దగినట్లు పంచవచ్చును. ఈ సూత్రము బేసిసంఖ్యకుఁ జెప్పఁబడినది. తెలియనివి సగమునకు మించినచో మాత్ర మిది పనిచేయదు.

ఉదాహరణమునకు మంగియువరాజు కాలము తెలియదనుకొందము. మిగిలిన పండ్రెండింటిలో నాఱవది 18, ఏడవదియు 18. పైమేర క్రిందిమేర యొక్కటియే యగుటచే, అతఁ డొక్కనాఁడు పాలించినను ఏఁబదియేండ్లు పాలించినను మధ్యగతము 18 అనియే నిశ్చయము. ఇఁక రెండవ జయసింహుని కాలముకూడఁ దెలియదనుకొన్నచో, మిగిలిన పదునొకండింటిలో నైదవది 18, ఏడవది 33. మధ్యగతము 18 మొదలు 33 వఱకు నేదైనఁ గావచ్చును.

ఇట్టిచోట నసంపూర్ణమైన సాక్ష్యమును బనికివచ్చును. ఒక రాజు ఇరువదవ రాజ్యవర్షమున వేయించిన శిలాశాసనము దొరకినచో, అతని మొత్తము కాలము తెలియకున్నను నిరువదియవ యేఁట నతఁడు రాజ్యమున నుండెనని తెలియును. పై యిరువురును నిరువదేండ్లకుఁ దక్కువ గాకుండఁ బాలించిరని రూఢియైనచో, క్రిందిమేర 18 నుండి 20నకుఁ బెరుగును. ఒక్కనిఁగూర్చి మాత్రమే యట్లు తెలిసినచోఁ గ్రిందిమేర కదలదు. రెండవవాఁ డల్పకాలము పాలించియుండవచ్చును గదా. మాఱుగా, ఇరువురిలో నొక్కఁడు 18 ఏండ్లకు మించి పాలింపలేదని తెలిసినంతనే, రెండవవాని సంగతి యెట్లున్నను మధ్యగతము 18 అని స్థిరపడును. ఏ సాక్ష్య మే మేరకుఁ బ్రయోజనకారియో ముందుగనే తెలిసికొనుటకు నీ పద్ధతి తోడ్పడును.

తెలియని యంకమును సున్నగా నెంచుట తప్పు. దానిని విడిచి మిగిలినవానికే లెక్కకట్టి వంశమంతటికి నారోపించుటయు నూహయే. రెండు మేరలను జెప్పి యూరకుండుటయే ప్రామాణికము. మఱియొక జాగ్రత్త గలదు. మధ్యగతము సముదాయధర్మమే కాని వ్యక్తిధర్మము గాదు. 18 ఏండ్లు మధ్యగతమైన యీ వరుసలోనే యేడుదినముల రాజును నలువదినాలుగేండ్ల రాజును గలరు. కావునఁ గాలము తెలియని రాజునకుఁ బదునెనిమిదేండ్లను గేటాయించి, దానినిబట్టి యాతని యాస్థానకవి కాలమును నిర్ణయించుట తగదు. శాసనము పలుకనిచోట గణితము హద్దును మాత్రమే చూపును. ఆ హద్దులోపల నిజ మెచ్చటనున్నదో మఱియొక శాసనమే చెప్పవలెను.