వేలాడే స్తంభం ముందు నలభై నిమిషాలు

"ఇంతేనా?" అన్నాడు మా గుంటూరు ఫ్రెండు.

లేపాక్షి వీరభద్రస్వామి గుడి, ఆదివారం, టైము పదకొండున్నర. నలభై నిమిషాలు గుంపులో తోసుకుని, వాడి వంతు వచ్చాక వేలాడే స్తంభం కింద కర్చీఫ్ ఒకవైపు నుంచి దూర్చి ఇంకోవైపు నుంచి లాగాడు. వీడియో పన్నెండు సెకన్లు వచ్చింది. వెనకాల ఎవరో "బిరబిరా కానీండప్పా" అంటున్నారు. బయట రాతి నేల పెనం మాదిరి కాలుతోంది, చెప్పులేమో గేటు దగ్గర. "ఓవర్‌రేటెడ్ రా బాబూ" అని తేల్చేసి నీడ వెతుక్కుంటూ పోయాడు.

నాకు కోపం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక లేపాక్షి కాగితం మీద శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ, మా నోళ్ళలో ఇంకా అనంతపురమే. మా ఊరి గుడిని వాడు అంత మాటంటే ఊరుకుంటామా? కానీ బస్సులో వస్తూ ఆలోచిస్తే వాడిది తప్పు కాదనిపించింది. వాడు దేన్ని చూడ్డానికి వచ్చాడో అది చూశాడు. అది నిజంగానే చిన్నది.

జనం ఎక్కువగా పోయే చోట్లన్నీ ఇలాగే తయారవుతాయి. ఊరు ఎంత పెద్దదైనా, గుడి ఎంత పాతదైనా, బయటి ప్రపంచానికి ఒక్క బొమ్మగా కుదించుకుపోతుంది. ఆ బొమ్మను ముందే ఫోన్లో వంద సార్లు చూసి ఉంటాం. అక్కడికి పోయేది చూడ్డానికి కాదు, టిక్ పెట్టుకోవడానికి. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం కథ కూడా ఇదే. మోనాలిసా 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. దాని ఎదురు గోడ మీదే వెరోనీస్ వేసిన కానా పెళ్ళి విందు బొమ్మ ఉంది, దగ్గర దగ్గర పది మీటర్ల వెడల్పు. ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద పెయింటింగ్ అది. మోనాలిసాతో సెల్ఫీ కోసం జనమంతా దానికి వీపు తిప్పి నిలబడి ఉంటారు.

లేపాక్షిలో మనం చేసేది కూడా అదే, కాకపోతే ఇక్కడ పెద్ద బొమ్మ వెనకాల లేదు, నెత్తి మీద ఉంది.

ముందు ఆ స్తంభం సంగతి చూద్దాం, ఎలాగూ ఇంజనీరింగ్ కాలేజీ పత్రిక కదా. గుడిలో డెబ్బై దాకా స్తంభాలున్నాయి. వాటిలో ఒకటి నేలకు పూర్తిగా ఆనకుండా ఉంది. ఒక బ్రిటిష్ ఇంజనీరు రహస్యం తేలుద్దామని దాన్ని కదిలిస్తే కప్పంతా కదిలిందని గైడ్లు చెబుతారు. కథ ఎంతవరకు నిజమో గానీ, లెక్క మాత్రం అర్థమవుతుంది. కప్పు బరువు రాతి దూలాల ద్వారా చాలా స్తంభాల మీదకి పంచబడుతుంది. ఒకదాని కింద సందు ఉందంటే దాని వాటా బరువును పక్కవి మోస్తున్నట్టే. సెకండ్ ఇయర్ స్ట్రక్చర్స్‌లో ఇన్‌డిటర్మినేట్ అని తిట్టుకుంటూ చదివామే, ఆ గుణమే ఇక్కడ గుడిని నిలబెట్టింది. అంటే మెచ్చుకోవాల్సింది వేలాడే ఒక్కదాన్ని కాదు, దాని బరువును సైలెంటుగా మోస్తున్న మిగతావాటిని. వాటి దగ్గర లైను ఉండదు.

ఆ లైన్లో నిలబడిన నలభై నిమిషాల్లో ఒక్కసారి తల పైకెత్తి ఉంటే మావాడికి నాట్యమండపం కప్పు కనబడేది. విజయనగర కాలపు చిత్రాలు ఇంతగా మిగిలిన చోట్లు దేశంలో చాలా తక్కువ. అచ్యుతదేవరాయల కాలంలో, 1530లలో, పెనుకొండలో అధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన సోదరుడు వీరణ్ణ ఈ గుడి కట్టించారు. కప్పు మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం వరసగా నడుస్తాయి. మనునీతి చోళుడి కథ కూడా ఉంది. రాజకుమారుడి రథం కింద దూడ చచ్చిపోతే తల్లి ఆవు వచ్చి రాజు వాకిట్లో న్యాయగంట లాగుతుంది, రాజు సొంత కొడుక్కే శిక్ష వేస్తాడు. కింద రెండు వందల మంది కర్చీఫులు పట్టుకుని తోసుకుంటుంటే పైన ఆ కథ తన పాటికి తాను జరిగిపోతూ ఉంటుంది. లోపల అర్ధమండపం కప్పు నిండా వీరభద్రుడు. గుడి కట్టించిన అన్నదమ్ములు కూడా ఆ బొమ్మలో భక్తుల్లా చేతులు కట్టుకుని ఉంటారు.

నేను ఇవన్నీ చూసింది రెండోసారి పోయినప్పుడు. నా గొప్పేం లేదు, మా అవ్వ వల్ల. ఆమె ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టింది. డెబ్బై దాటినాయి, లేపాక్షి ఎప్పుడూ చూళ్ళేదు. బుధవారం పొద్దున ఏడున్నరకే గుడిలో ఉన్నాం. స్తంభం దగ్గర ఎవరూ లేరు. "అవ్వా, దీని కింద గుడ్డ పోతాది చూడు" అని చూపిస్తే "పోతే పోనీలేరా" అనేసి పైకి చూస్తూ నిలబడింది. చాలాసేపు. నాకు మెడ నొప్పి పుట్టింది గానీ ఆమెకు పుట్టలేదు.

"ఆ మూడో ఆమె చీర అంచు చూడు. గళ్ళు యాడికాడికి ఎట్ల సరిపెట్టినాడో."

అప్పుడు చూశా. కప్పు మీద ఆడవాళ్ళ చీరలు ఒకదానిలా ఇంకొకటి లేవు. గళ్ళు, చారలు, పూలు, హంసలు. ముఖాలన్నీ పక్కకు తిరిగి ఉంటాయి, బొమ్మల్లో లోతు కూడా ఉండదు, దానివల్ల బట్టల మీది డిజైన్ చదునుగా, స్పష్టంగా కనిపిస్తుంది. ఈ గుడి డిజైన్లే ధర్మవరం పట్టుచీరల మీదకి, ఇంకా ఎన్నో చోట్లకి పోయాయి. కోస్తా ఫ్రెండ్స్‌కి లేపాక్షి అంటే ముందు గుర్తొచ్చేది హస్తకళల షాపు కదా, ఆ పేరు ఊరికే పెట్టలేదు. అవ్వ ఒక్కో స్తంభం పక్కన ఆగి, అంచులు లెక్కపెట్టి, "ఇది మా నాయన నేసినాడు" అని రెండు చోట్ల చెప్పింది. నిజమో కాదో నేను అడగలేదు.

(చిన్న చిట్కా: ఫోన్లో సెల్ఫీ కెమెరా ఆన్ చేసి అరచేతిలో వెల్లకిలా పట్టుకుంటే కప్పు అద్దంలోలా కనిపిస్తుంది, మెడ బతుకుతుంది. ఫ్లాష్ మాత్రం వద్దు. ఐదు వందల ఏళ్ళ రంగులు, ఇప్పటికే చాలా చోట్ల పెచ్చులూడాయి.)

ఆ రోజు తెలిసిన ఇంకో సంగతి రాయి. మాది ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల, అదీ పడితే. శెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసే వాళ్ళకి పొలంలో గుండు కనబడితే తిట్టు వస్తుంది. గుడి కట్టినవాళ్ళు అదే గుండ్లని చూసి కూర్మశైలం అని పేరు పెట్టి, చదును చేయకుండా దాని మీదే గుడి కట్టారు. ఏడు పడగల నాగలింగం ఒకే గుండు నుంచి వచ్చింది. వంటయ్యేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారని కథ, మా మెస్‌లో అయితే రెండు నాగలింగాలు చెక్కొచ్చు. కాస్త దూరంలో బసవన్న, 27 అడుగుల పొడవు, అదీ ఏకశిల. అడవి బాపిరాజు గారు పాట కట్టింది ఈ బసవన్న మీదే. ఎండ, బోడికొండలు చూసి "ఇక్కడేముంది" అనుకునేవాళ్ళకి చెబుతున్నా, ఉన్నది ఆ బోడిరాయే.

మరి జనం సంగతి? బెంగళూరు 120 కిలోమీటర్లు, నేషనల్ హైవే 44 దిగితే పది పదిహేను నిమిషాలు. కాబట్టి వారాంతంలో కార్లన్నీ ఇంచుమించు ఒకే వేళకి దిగుతాయి, గంటలో స్తంభం, బసవన్న కానిచ్చుకుని వెళ్ళిపోతాయి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ గుడి, బసవన్న చేరాయి. రేపు అసలు జాబితాలోకి ఎక్కితే రద్దీ ఇంకా పెరుగుతుంది. పెరగనీ, నాకు అభ్యంతరం లేదు. కరువు ఊరికి వచ్చే జనాన్ని రావద్దనే ధైర్యం నాకు లేదు. నా బాధ ఆ గంట గురించి. గంటసేపు ఉండే మనిషి ఊరికి ఇచ్చేది ఒక టెంకాయ నీళ్ళ డబ్బులు, ఒక ఖాళీ ప్లాస్టిక్ బాటిల్. పూటంతా ఉండేవాడు టిఫిన్ తింటాడు, భోంచేస్తాడు, ఆటో ఎక్కుతాడు, గైడుకి డబ్బులిచ్చి కథలు వింటాడు. వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుంచి రద్దీ రోజుల్లో ఐదు యూరోల ఎంట్రీ ఫీజు పెట్టింది కూడా పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళకే. రాత్రి ఊళ్ళో బస చేసేవాళ్ళకి ఆ ఫీజు లేదు.

ఇది చదివి కొందరు "ఎవరూ పోని చోటు చెప్పు అన్నా" అంటారు. ఉన్నాయి, తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి పోండి, పూర్తికాని గోపురాల మీద చెక్కడం చూసి నోరు తెరుస్తారు. కానీ "ఎవరికీ తెలియని ప్లేస్" అని రీల్ పెట్టిన రోజే అది కూడా లైనులోకి వస్తుంది. గండికోటకి అదే జరిగింది, కోటనీ లోపలి మసీదునీ గుడినీ వదిలేసి అందరూ లోయ అంచున ఒకే బండ మీద ఫోటో దిగుతున్నారు. చోటు మార్చినంత మాత్రాన మన చూపు మారదు కదా.

లేపాక్షికి మీరు పోవాలంటే ఆదివారం వద్దు, పండగ రోజు అసలే వద్దు. రైల్లో హిందూపురం, అక్కడి నుంచి 15 కిలోమీటర్లు, బస్సులున్నాయి. ఎండ ఎక్కకముందే లోపల ఉండండి, పదింటి తర్వాత కాళ్ళు నిలవవు. అసంపూర్తిగా వదిలేసిన కల్యాణమండపం చివర్లో పెట్టుకోండి, ఖజానా సొమ్ము వాడాడన్న నిందకి విరూపణ్ణ తన కళ్ళు తానే పీక్కుని గోడకి కొట్టాడని చెప్పే ఎర్ర మరకలు అక్కడే ఉన్నాయి. కర్చీఫ్ కూడా తోసుకోండి, తప్పేం లేదు. పొద్దున ఏడున్నరకి అయితే అర నిమిషం పని.

మా గుంటూరు వాడిని డిసెంబరులో మళ్ళీ తీసుకెళ్తున్నా. అవ్వ కూడా వస్తానంది, వాడికి అంచులు చూపిస్తుందంట. ఫస్ట్ బస్సు అని చెప్పా. లేస్తాడో లేదో చూడాలి.