పరదేశంలో పిల్లల బడి

యాడికి పరిసరాలలో పైన వాన తక్కువ, కింద సున్నపురాయి ఎక్కువ. వేరుశనగ చేను ఏ యేడు ఆదుకుంటుందో, ఏ యేడు ముంచుతుందో తెలియని ఈ నేలలో రాయిని నమ్ముకొని బ్రతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నవి. తాడిపత్రి నాపరాతి పని, బోయరెడ్డిపల్లె సిమెంటు కర్మాగారం ఈ ప్రాంతపు యువకులకు ఒక విద్యను చేతికిచ్చినవి. ఆ విద్యతో సముద్రం దాటేవారూ ఉన్నారు. ఒమన్ దేశంలో కూడా సున్నపురాతి కొండలున్నవి, సిమెంటు కర్మాగారాలున్నవి.

యాడికి మండలం నుండి ఒక పెద్దాయన మాకు ఉత్తరం వ్రాశారు. వారి కుమారునికి మస్కట్ సమీపంలో ఉద్యోగం కుదిరినదట. మనుమరాలు ఎనిమిదవ తరగతి ముగించబోతున్నది. మనుమడు మూడవ తరగతి. "ఇంటర్నేషనల్ స్కూలులో వేయాలని కోడలి కోరిక. ఇండియన్ స్కూలు చాలునని మావాడు. పిల్లలను మా దగ్గరే ఉంచండని మా ఇంటావిడ. ఎవరి మాట వినమంటారు?" అని వారి ప్రశ్న. ముగ్గురి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది గనుక కాస్త వివరంగానే చెప్పవలసి ఉన్నది.

ముందుగా కోడలి కోరిక సంగతి. ఇంటర్నేషనల్ స్కూలు అనే మాటకు మొదట ఒక కచ్చితమైన అర్థం ఉండేది. నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో వెలసిన తరువాత వాటి ఉద్యోగుల పిల్లల కోసం 1924లో అక్కడ ఒక అంతర్జాతీయ పాఠశాల ఏర్పడినది. నేడు జెనీవాలో, నాలుగేళ్ల తరువాత మరొక రాజధానిలో ఉండే తండ్రి బిడ్డకు ఏ దేశపు పరీక్ష చదివించాలి? ఈ చిక్కులో నుండే 1968లో అదే జెనీవాలో ఐ.బి. అనే పరీక్షా విధానం పుట్టినది. కేంబ్రిడ్జి వారి ఐ.జి.సి.ఎస్.ఇ. పరీక్ష 1988లో వచ్చినది. అంటే, ఏ ఒక్క దేశానికీ తిరిగి వెళ్లే ఉద్దేశం స్థిరంగా లేనివారి కోసం ఏర్పడిన చదువు ఇది.

ఆ పేరు మాత్రం ఆ అర్థాన్ని దాటి చాలా దూరం వచ్చినది. మన జిల్లా రహదారుల వెంట వేపచెట్ల నడుమ కూడా ఆ బోర్డులు కనబడుతున్నవి. పేరు పెట్టుకొనుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పరీక్ష జరుపుటకే అనుమతి కావలెను. మన సి.బి.ఎస్.ఇ. వారు సైతం 2010లో అంతర్జాతీయ పాఠ్యక్రమమని ఒకటి ప్రారంభించి 2017లో విరమించుకొన్నారు. కనుక బడి పేరును కాదు, పదవ తరగతిలోనూ పన్నెండవ తరగతిలోనూ అక్కడి పిల్లలు ఎవరి పరీక్ష వ్రాస్తారన్నది మొదట అడగవలెను.

ఒమన్‌లో ఇండియన్ స్కూళ్ల వ్యవస్థ పాతది. మస్కట్ ఇండియన్ స్కూలు 1975లో మొదలైనది. నేడు ఆ దేశంలో ఇరవైకి పైగా ఇటువంటి బడులున్నవి. ఇవి లాభాపేక్షతో నడిచేవి కావు. ప్రవాస భారతీయుల సమాజానికి చెందినవి. ఒక పాలకమండలి వీటిని పర్యవేక్షిస్తుంది. పిల్లలు వ్రాసేది సి.బి.ఎస్.ఇ. పరీక్షలు. తరగతిలో పిల్లలు ఎక్కువ, ఆటస్థలం ఇరుకు అనే మాట వినవచ్చును. గల్ఫులోని కొన్ని ఇండియన్ స్కూళ్లు రెండు పూటలుగా కూడా నడిచినవి. అయినా బ్రిటిష్ తరహా, ఐ.బి. తరహా బడుల జీతాలతో పోల్చితే వీటి జీతం మధ్యతరగతి ఉద్యోగి భరించగలిగినది.

ఇక్కడ అసలు ప్రశ్న వస్తుంది: ఈ పిల్లలు కళాశాల చదువు ఎక్కడ చదువుతారు? అమెరికా వెళ్లే కుటుంబానికి ఇంత చిక్కు లేదు. అక్కడ నివాసం ఏ ప్రాంతంలో ఉంటే ఆ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో జీతం లేకుండా చేర్చుకొంటారు. తరువాతి చదువూ అక్కడే సాగవచ్చును. గల్ఫు సంగతి వేరు. అక్కడి నివాసం ఉద్యోగంతో ముడిపడినది. ఒప్పందం ముగిసిన నాడు కుటుంబం మూటాముల్లే సర్దుకోవలసినదే. కాబట్టి వెళ్లేనాడే తిరిగివచ్చే దారి చూచుకోవలెను.

ఆ దారిలో మన రాష్ట్రానికి ప్రత్యేకమైన ఒక గడప ఉన్నది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం రాష్ట్రపు కళాశాలలలో నూటికి 85 సీట్లు స్థానిక అభ్యర్థులవి. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు సంవత్సరాలు వరుసగా ఆ ప్రాంతపు విద్యాసంస్థలలో చదివినవారు స్థానికులు. అనంతపురం శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలో చేరినది. ఇంటర్మీడియట్ అర్హతగా గల ప్రవేశాలకు ఆ నాలుగేళ్లు అనగా తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. తాత ఇల్లు, పొలం, రేషన్ కార్డు యాడికిలో ఉన్నంత మాత్రాన విదేశంలో చదివిన మనుమరాలు స్థానికురాలు కాజాలదు. మిగిలిన 15 సీట్లకు పోటీపడుటకు మాత్రం మరొక వెసులుబాటు ఉన్నది: రాష్ట్రం వెలుపల ఉద్యోగం చేసిన కాలం మినహాయించి, తలిదండ్రులలో ఒకరు పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే చాలును.

మరొక వైపు, గల్ఫులో పనిచేసే భారతీయుల పిల్లలకు ఎన్.ఐ.టి.లు మొదలైన కొన్ని సంస్థలలో 'దాసా' పథకం కింద కొన్ని సీట్లు ప్రత్యేకించినారు. వీటికి జె.ఇ.ఇ. మెయిన్ ర్యాంకు కావలెను. చివరి రెండు తరగతులూ విదేశంలో చదివి ఉండవలెను.

ఈ రెండు నియమాలను పక్కపక్కన పెట్టి చూడండి. చాలామంది చేసేదేమిటి? తొమ్మిది, పది అక్కడ చదివించి, ఇంటర్‌కు పిల్లను తిరిగి పంపి ఏదో ఒక హాస్టలు కళాశాలలో చేర్పిస్తారు. అప్పుడు నాలుగేళ్లలో రెండే ఇక్కడివి అయినవి, స్థానికత పోయినది. చివరి రెండేళ్లు అక్కడివి కాలేదు. గల్ఫు పిల్లల సీట్లకూ అర్హత పోయినది. తెలియక చేసే ఈ సగం ప్రయాణం వల్ల కలిగే నష్టం, ఐ.బి.నా సి.బి.ఎస్.ఇ.నా అన్న తర్కంలో ఎటు మొగ్గినా కలగదు. అటో ఇటో పూర్తిగా ఉండడమే మేలు. ఈ నిబంధనలకు సవరణలు వస్తుంటాయి గనుక, ప్రవేశం కోరే సంవత్సరపు ప్రకటనను తప్పక చదువుకోవలెను.

మనుమరాలి విషయంలో ఒక తొందర కూడా ఉన్నది. సి.బి.ఎస్.ఇ.లో తొమ్మిది, పది కలిసి ఒకే చదువు. పదకొండు, పన్నెండు కలిసి ఒకటి. మన రాష్ట్ర బోర్డులో తొమ్మిదవ తరగతి చదివి, అక్కడ నేరుగా పదవ తరగతిలో చేరతామంటే సాధారణంగా ఒప్పుకోరు. వెళ్లదలిస్తే తొమ్మిది మొదటికే వెళ్లవలెను. అక్కడి ఇండియన్ స్కూళ్లలో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. మన బడులు తెరిచేది జూన్‌లో. "వేసవి సెలవులు గడిపి వెళ్తాము" అంటే అక్కడ పాఠాలు మొదలై రెండు నెలలు గడిచి ఉంటవి.

ఆ అమ్మాయికి వైద్యవిద్య మీద ఆశ ఉంటే, జీతం భరించగలిగినా, ఐ.బి. వైపు తొందరపడకూడదు. ఆ విధానంలో ఆరు విషయాలు. గణితం ఎలాగూ తప్పదు. కళల స్థానాన్ని ఇచ్చినా సాధారణంగా రెండు శాస్త్రాలకే చోటు దొరుకుతుంది; భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు మూడూ కావాలంటే ప్రత్యేక అనుమతి కావలసి ఉంటుంది. బడిలో అందుకు వీలున్నదో లేదో ముందే వ్రాతపూర్వకంగా తెలుసుకోవలెను. నీట్ పరీక్షకు ఆ మూడూ లేకుండా గతి లేదు. పన్నెండవ తరగతితో సమానమని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఐ.బి. డిప్లొమాను గుర్తించినది, గుర్తింపు ఉన్నంత మాత్రాన విషయాల ఎంపికలో జరిగిన లోటు తీరదు.

ఇక అమ్మమ్మనాయనమ్మల మాట. మనుమరాలిని ఇక్కడే ఉంచి ఇంటర్ దాకా చదివిస్తే స్థానికత నిలుస్తుంది, నిజమే. కాని 85 సీట్ల లెక్క ఒక్కటే చూచి పదమూడేళ్ల పిల్లను తల్లి నుండి విడదీయుట నాకు సమ్మతం కాదు. నాయనమ్మ ఇంట్లో ఉండి చదువుకొనుట వేరు, ఉంచుతామని చెప్పి చివరకు హాస్టలులో వేయుట వేరు. ఏది జరగబోతున్నదో ఇంట్లో నిజాయితీగా మాట్లాడుకోవలెను. ఆ అమ్మాయిని కూడా ఒకమాట అడగవలెను. మూడవ తరగతి పిల్లవాని విషయంలో తర్జనభర్జన అక్కరలేదు: వాడు తలిదండ్రుల వెంట పోవలసినవాడు, ఏ బడి అయినా సర్దుకొంటాడు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. పిల్లల చదువు ఖర్చు కంపెనీ ఇస్తుందా, ఎంతమందికి, ఏ తరగతి వరకు అన్నది ఉద్యోగ ఒప్పందంలో వ్రాయించుకోవలెను. నోటిమాట చెల్లదు. జీతానికి తోడు బస్సు, పుస్తకాలు, దుస్తులు విడిగా కలుస్తవి. దుబాయి వెళ్లేవారికి ఒక సౌకర్యం ఉన్నది: అక్కడి ప్రభుత్వ సంస్థ 2008లో ప్రైవేటు బడుల తనిఖీలు ప్రారంభించి, ఒక్కొక్క బడికి శ్రేణి నిర్ణయించి, ఆ నివేదికలను ప్రజలకు అందుబాటులో ఉంచినది. బడి వారి రంగుల కరపత్రం కంటే ఆ నివేదికే ముందు చదవదగినది.

చివరగా తెలుగు. సింగపూరు ప్రభుత్వ పాఠశాలలలో తమిళం గాక మరి అయిదు భారతీయ భాషలు మాతృభాషగా చదువుకొనే వీలున్నది. వాటిలో తెలుగు లేదు. సి.బి.ఎస్.ఇ. విషయాల పట్టికలో తెలుగు ఉన్నది గాని, చెప్పే పంతులు ఉంటేనే బడిలో ఉంటుంది. మస్కట్ బడికి దరఖాస్తు పెట్టేటప్పుడే ఆ మాట అడగండి. లేదంటే, మనుమడు ఒత్తులు పూర్తిగా నేర్చుకొనక మునుపే వెళ్తున్నాడు గనుక, మన మూడు, నాలుగు, అయిదు తరగతుల తెలుగు వాచకాలు పెట్టెలో పెట్టి పంపండి. వారానికొక ఉత్తరం తాతగారికి తెలుగులో వ్రాయవలెనని వానికి ఇప్పుడే చెప్పి ఉంచండి.