పుట్టుకతో వచ్చు వెన్నువంకర

నేను వైద్యవృత్తిలో ప్రవేశించిన క్రొత్తలో ఒక తండ్రి తన రెండేండ్ల కూతును నాయొద్దకు తెచ్చెను. బిడ్డ వీపు ఒకవైపున కొంచెము ఉబ్బెత్తుగా నుండెను. "ఎదిగినకొలది అదియే సర్దుకొనును" అని చెప్పి పంపివైచితిని. ఆరేండ్లకు వారు మరల వచ్చిరి. వంపు సర్దుకొనలేదు సరిగదా, బిడ్డతోపాటు అదియు నెదిగినది. నాడు నేనాడిన మాట యెందుకు తప్పో శ్రోతలకు విన్నవించుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

వెన్నెముక పూసల దండవంటిది. మెడలో 7, వీపున 12, నడుమున 5 పూసలును, వాని క్రింద ఒకటిగా కలిసిపోయిన మరికొన్నియు గలవు. గర్భధారణమైన తొలి వారములలోనే యివి రూపొందును. అప్పుడు ఒక పూస సగమే యేర్పడవచ్చును. లేదా కొన్ని పూసలు ఒక ప్రక్కన విడివడక అతుకుకొని యుండవచ్చును. ఒక ప్రక్క మందము, వేరొక ప్రక్క పలుచన గల యిటుకను గోడలో నిడినచో పైవరుసలన్నియు నొరగును గదా! ఇదియు నట్టిదే. ఒక ప్రక్క పెరిగి, రెండవ ప్రక్క పెరుగకపోవుటచే వంపు హెచ్చును. తల్లి గ్రహణము చూచుట గాని, బిడ్డను చంకనెత్తుకొనుట గాని దీనికి కారణము గాదు. మర్దనము వలన ఎముక ఆకారము మారదు. పట్టీల వలన ఇట్టి వంపునకు కలుగు మేలు స్వల్పము.

అందరికిని శస్త్రచికిత్స యవసరము లేదు. కొన్ని నెలలకొకసారి ఎక్స్‌రే తీసి, వంపును డిగ్రీలలో కొలిచి చూడవలెను. ఆ వారములలోనే గుండె, మూత్రపిండములు, వెన్నుపాము గూడ రూపొందును గావున వానిని సైతము పరీక్షింపవలెను. వంపు హెచ్చుచున్నచో ఆలస్యము తగదు.

పూసలపై ఎముక ముక్కలను పేర్చి, విరిగిన ఎముక అతుకుకొనునట్లు వానిని ఒకటిగా కలుపు పద్ధతిని న్యూయార్కులో హిబ్స్ అను వైద్యుడు 1911లో క్షయసోకిన వెన్నునకు జరిపి, 1914లో వంకర వెన్నునకును ప్రయోగించెను. సగము పూసను తొలగించు విధానమును ఆస్ట్రేలియా వైద్యుడు రాయిల్ 1928లో ప్రకటించెను. నేడు దానిని తొలగించి, ఇరుగుపొరుగు పూసలను మరమేకులతోను కడ్డీలతోను బిగింతురు. అయితే పసిబిడ్డకు చాల పూసలను కలిపివైచినచో రొమ్ముగూడు ఎదుగక, ఊపిరితిత్తులకు చోటు చాలదు. అట్టివారికి ఎదుగుదలకు తగినట్లు పొడిగించు కడ్డీల నమర్తురు.

వెన్నుపామునకు దెబ్బ తగిలినచో కాళ్లు పడిపోవుననునది పెద్ద భయము. ఫ్రాన్సు వైద్యులు 1973లో, శస్త్రచికిత్స నడుమనే రోగిని మత్తునుండి కొంత మేల్కొలిపి, "పాదములు కదల్పుము" అని పరీక్షించు పద్ధతిని వివరించిరి. నేడు విద్యుత్సంకేతములచే వెన్నుపామును ఎడతెగక కనిపెట్టుచుందురు. అపాయము తగ్గినది; తొలగిపోలేదు.

ఆ బాలికకు పిమ్మట శస్త్రచికిత్స జరిగినది. ఒక్క పూసతో ముగియవలసిన పని, అనేక పూసలను కలుపుటగా పరిణమించెను. వంపు పెరుగుట నిలిచినది, పూర్తిగా తీరలేదు. కావున తల్లిదండ్రులారా! బిడ్డను ముందునకు వంచి వీపును ఒకసారి చూడుడు. ఒక ప్రక్క ఎత్తుగా నున్నచో ఎక్స్‌రే తీయింపుడు. "ఎదిగిన సర్దుకొనును" అని చెప్పువాడు నావంటి వైద్యుడే యైనను, పరీక్ష లేకుండ ఆ మాటను నమ్మకుడని నా మనవి.